కుక్కకు ట్రైనింగ్: కర్నూలు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్లుగా కర్నూలులో ఇంటింటికీ తిరిగి కుక్కలకు ట్రైనింగ్ ఇస్తున్నాను. డోన్, నంద్యాల, ఆదోని నుంచి పిలిచినా వెళ్తుంటాను. ఫోన్ చేసినవాళ్లు అడిగేవి దాదాపు ఇవే. ఫోన్‌లో సగం సగం చెప్పి పెట్టేయడం నాకే నచ్చక, తీరిగ్గా కూర్చుని రాశాను.

కుక్క తోక వంకర అంటారు కదా, ట్రైనింగ్‌తో నిజంగా మారుతుందా?

తోకను నేనేమీ చేయలేను. గేటు మీదికి ఎగబడటం, చెప్పులు నమలడం, పిలిస్తే రాకపోవడం, వచ్చినవాళ్ల మీదికి దూకడం మాత్రం మారతాయి. కుక్క లెక్క చాలా చిన్నది. ఏ పని చేస్తే తనకు గిట్టుబాటు అయిందో ఆ పని మళ్లీ చేస్తుంది. అది మీదికి దూకితే మనం "ఛీ, దిగు" అంటూ రెండు చేతులతో నెడతాం. మనకది తిట్టు, దానికది ఆట. రోజంతా ఎవరూ పట్టించుకోని కుక్కకు తిట్టు కూడా పలకరింపే.

వెంకటరమణ కాలనీలో ఒక ఇంటికి వెళ్లాను. రెండేళ్ల ల్యాబ్రడార్, పేరు బ్రూనో. "పిలిస్తే రాడు సార్, మొండోడు" అని కంప్లైంట్. ఒక్కొక్కరినీ ఒక్కసారి పిలవమన్నాను. తాత "దా, దా" అన్నాడు. ఆయన కొడుకు "కమ్ హియర్" అన్నాడు. కోడలు "ఇట్రా" అంది. పాప ఏ మాటా లేకుండా బ్రూనో బ్రూనో అని పదిసార్లు అరిచింది. వాడు కదల్లేదు. అవ్వ మాత్రం నోరు తెరవకుండా, పొద్దున మిగిలిన ఉగ్గాని ప్లేటు కొంచెం వంచి చూపించింది. నా కాలు తొక్కుకుంటూ వెళ్లి ఆమె ముందు కూర్చున్నాడు! వాడికి చెవులూ బాగానే ఉన్నాయి, బుర్రా బాగానే ఉంది. ఆ ఇంట్లో "రా" అనడానికి నాలుగు భాషలున్నాయి, నాలుగింటికీ ఫలితం లేదు. ప్లేటుకు ఉంది.

ఆ రోజు అందరూ కలిసి "దా" ఒక్కటే ఖాయం చేసుకున్నారు. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాం. "దా" అంటే వచ్చిన ప్రతిసారీ చిన్న చికెన్ ముక్క. మూడు వారాలకు వాడు పక్కింటి మేడ మీద ఉన్న పిల్లిని వదిలేసి కూడా వస్తున్నాడు.

ట్రైనర్ వచ్చి అసలు ఏం చేస్తారు?

మొదటిరోజు నేను కుక్కను ముట్టుకోను. కుర్చీలో కూర్చుని, టీ ఇస్తే తాగుతూ, ఒక గంట చూస్తాను. తిండి ఎన్ని గంటలకు, ఎవరు పెడతారు, ఎక్కడ పడుకుంటుంది, ఎన్ని గంటలు కట్టేసి ఉంటుంది, వాకింగ్‌కు ఎవరు తీసుకెళ్తారు అని అడుగుతాను. "నేనే" అని ఆయన అంటారు, వెనక నుంచి ఆవిడ నవ్వుతారు. నాకు సమాధానం దొరికినట్టే.

ఆ తర్వాత వారానికి రెండు రోజుల చొప్పున ఆరు వారాలు వస్తాను. వచ్చిన గంటలో కుక్కతో నా పని ఇరవై నిమిషాలే. మిగతా టైమ్ అంతా ఇంట్లోవాళ్లతో. రోజుకు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు మీరే చేయించాలి. "మీరే తీసుకెళ్లి, నెల రోజులు ఉంచుకుని, అన్నీ నేర్పించి తెచ్చివ్వండి అన్నా" అని అడిగేవాళ్లున్నారు. అట్లా చేసే సెంటర్లు పెద్ద ఊళ్లలో ఉన్నాయి. కుక్క నేర్చుకునే వస్తుంది, నేర్పినవాడి మాట వినడం. మీ ఇంట్లో మాత్రం అదే ఉగ్గాని ప్లేటు, అవే నాలుగు భాషలు. రెండు వారాల్లో మొదటికొస్తుంది.

పోలీసు కుక్కలా తయారుచేయగలరా?

మధ్యప్రదేశ్‌లోని టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ వాళ్లకు, మీరట్‌లో ఆర్మీ వాళ్లకు ట్రైనింగ్ సెంటర్లున్నాయి. అక్కడ నెలల తరబడి ఒక కుక్క, దానికో హ్యాండ్లర్, అదే వాళ్ల ఉద్యోగం. మీ ఇంటికి ఐదు మాటలు చాలు: దా, కూర్చో, ఆగు, వదులు, నీ చోటుకు పో. వీటిలో "వదులు" రాని కుక్కే మీకు ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

కొత్తగా కుక్కపిల్లను తెచ్చాం. ఎన్నో నెల నుంచి మొదలుపెట్టాలి?

తెచ్చిన రోజు నుంచే. ఆరు నెలలు నిండాక చూద్దాం అనేది మనవాళ్లకు పాతకాలం నుంచి ఉన్న అలవాటు. గొలుసు, లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైన్‌తో లాగి నేర్పే రోజుల్లో పిల్ల తట్టుకోలేదని అలా అనేవాళ్లు.

అసలు విలువైన కాలం మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా. ఆ రోజుల్లో ఏవి చూసి, విని, ఇబ్బంది లేదనుకుంటుందో వాటితో జీవితాంతం సర్దుకుపోతుంది. ఆ వయసులో హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూడని పిల్ల, పెద్దయ్యాక ప్రతి డెలివరీ అబ్బాయినీ దొంగ అనుకుంటుంది. కర్నూలులో అయితే బురఖా, పంచె, టోపీ, చేతికర్ర, గొడుగు, స్కూలు పిల్లల గుంపు, ఆటో హారన్, కుక్కర్ విజిల్, మిక్సీ ఇవన్నీ చూపించాలి, వినిపించాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారో వారం దాకా సాగుతాయి. అవి పూర్తికాకుండా వీధిలో నేల మీద దింపితే పార్వో, అంటే వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే జబ్బు, పట్టుకోవచ్చు. పార్వోతో పోయిన కుక్కపిల్లల్ని లెక్కలేనన్ని చూశాను. అందుకే ఎత్తుకుని తిప్పండి. సాయంత్రం స్కూటర్ మీద ఒకరు ఒళ్లో పెట్టుకుని రాజ్‌విహార్ సెంటర్ దగ్గర పది నిమిషాలు ఆగి, నోట్లో చిన్న ముక్కలు పెడుతూ ట్రాఫిక్ చూపించి తెచ్చేయండి. నేల మాత్రం తాకనివ్వద్దు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఆ తర్వాత ఏడాదికోసారి.

ఇంకోమాట. 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బయట మాత్రం "45 రోజుల పిల్ల" అని అమ్ముతారు, చేతిలోకి తీసుకుంటే నెల కూడా నిండి ఉండదు. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర నేర్చుకోవాల్సిన కొరుకుడు మర్యాద, అంటే ఆటలో నొప్పి పుట్టకుండా కొరకడం, ఆ పిల్లకు రాదు. తర్వాత అది మీ చేతుల మీదే నేర్చుకుంటుంది.

ఇంట్లోనే ఒంటికి పోస్తోంది. దాంట్లో దాని మూతి రుద్దితే మానేస్తుందా?

మానదు. మీరు చూడనప్పుడు సోఫా వెనక పోస్తుంది. అది తెలివే కదా!

నిద్ర లేచిన వెంటనే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆడుకున్న తర్వాత, రాత్రి పడుకునే ముందు ఒకే చోటికి తీసుకెళ్లండి. పోసేదాకా మాట్లాడకుండా నిలబడండి. పోసిన క్షణంలో మెచ్చుకుని ముక్క పెట్టండి, ఇంట్లోకి వచ్చాక పెడితే ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. రెండు నెలల పిల్ల పగలు రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు.

మన పాత ఇళ్లలో కడప బండలు పరిచి ఉంటాయి. ఒంటికి పోసింది బండల సందుల్లోకి దిగితే ఆ వాసన మనకు తెలియదు, దానికి నెల తర్వాత కూడా తెలుస్తుంది, అక్కడికే వెళ్తుంది. ఫినాయిల్ వాసనతో మన ముక్కును మోసం చేయగలం, దాని ముక్కును చేయలేం. పైగా తడి ఫినాయిల్ నాకితే దానికి ప్రమాదం. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి, అవి వాడండి. నున్నటి బండల మీద పిల్ల కాళ్లు జారుతుంటే ఒక పాత బొంత పరవండి, పెరిగే వయసులో కీళ్లకు మంచిది.

చేతులు, ప్యాంటు అంచులు కొరుకుతోంది.

28 పాలపళ్లు ఊడి 42 పళ్లు వచ్చే కాలం, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య. చిగుళ్లు దురద. తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డ ముడి ఇవ్వండి. చెయ్యి కొరికితే ఆట ఆపి లేచి వెళ్లిపోండి, అరవకండి.

మొరిగే కుక్క కరవదు కదా, గుర్రుమన్నా పట్టించుకోవాలా?

మొరిగే కుక్కా కరుస్తుంది. ఈ సామెతను నమ్మి కుట్లు వేయించుకున్నవాళ్లను నాకు తెలుసు, వాళ్లలో నేనొకణ్ని.

ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు. కల్లూరు వైపు ఒక ఇంట్లో జర్మన్ షెపర్డ్. అన్నం గిన్నె దగ్గరికి ఎవరు వెళ్లినా గుర్రుమంటుంది. నేను పెద్ద మొనగాడిలా వెళ్లి గిన్నె లాక్కున్నాను. గుర్రుమంది, మెడ మీద కొట్టాను. రెండోసారి లాక్కున్నాను, గుర్రుమనలేదు. "చూశారా, దారికొచ్చింది" అని ఇంటాయనతో అంటూ మూడోసారి చెయ్యి పెట్టాను. చప్పుడు లేకుండా మణికట్టు పట్టేసింది. ఏడు కుట్లు. తర్వాత తాపీగా ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో అర్థమైంది. గుర్రు అంటే హెచ్చరిక. నేను హెచ్చరికను కొట్టి మాన్పించాను, కోపాన్ని మాన్పించలేదు.

గుర్రుమనే ముందు కూడా కుక్క చాలా చెబుతుంది. ఒళ్లు బిగుస్తుంది, నమలడం ఆగిపోతుంది, కంటి తెల్లగుడ్డు పక్కనుంచి కనపడుతుంది, తిండి లేకపోయినా పెదవి నాకుతుంది, ఆవలిస్తుంది. చిన్నపిల్లలు మెడ చుట్టూ చేతులేసి ఫొటో దిగుతున్నప్పుడు కుక్క ముఖం చూడండి, చాలా ఫొటోల్లో ఇవే కనపడతాయి.

గిన్నె దగ్గర కోపానికి ఇప్పుడు నేను చేయించేది వేరు. నాలుగడుగుల దూరంలో నడిచి వెళ్తూ గిన్నెలోకి ఒక మంచి చికెన్ ముక్క విసిరి వెళ్లిపోవాలి, అంతే. రోజులు గడిచేకొద్దీ ఒక్కో అడుగు దగ్గరికి. మనిషి వస్తే గిన్నె పోతుందనే భయం పోయి, మనిషి వస్తే గిన్నెలోకి ఇంకాస్త వస్తుందనే ఆశ పుడుతుంది. కానీ ఇది పిల్లలతో చేయించకండి. ఒకసారి కరిచిన కుక్కతో మీ అంతట మీరూ చేయకండి.

నెమ్మదైన కుక్క ఉన్నట్టుండి కోపిష్టి అయింది. ఎందుకు?

నాకు ఫోన్ చేయకముందు పశువుల డాక్టరుకు చూపించండి. కడపలో మా బంధువుల ఇంట్లో పామేరియన్, ఆరేళ్లు ఎవరినీ ఏమనలేదు, ఒకరోజు మనవరాలి చేతిని పట్టింది. అందరూ దానికి పిచ్చి అన్నారు. చెవి ఎత్తి చూస్తే లోపల నల్లటి జిగురు, వాసన. చెవి ఇన్ఫెక్షన్. పాప ఆ చెవి మీదే చెయ్యేసి నిమిరేది. మందులు వాడాక మళ్లీ పాత కుక్కే. తుంటి కీళ్ల నొప్పి, పన్ను నొప్పి, మన దగ్గర మామూలైపోయిన పిడుదుల జ్వరం, వీటన్నిటికీ కుక్క చెప్పుకునే దారి ఒక్కటే. ముందు ఒంటి సంగతి తేలాకే ట్రైనింగ్.

రెండు దెబ్బలు తగిలిస్తే భయం ఉంటుంది కదా?

భయం ఉంటుంది, మీరంటే. మీరు లేనప్పుడు ఉండదు. నేనూ మొదట్లో చోక్ చైన్, ముళ్ల కాలర్ వాడినవాణ్నే. త్వరగా పని జరిగినట్టు కనిపిస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు.

"మనమే గుంపుకు నాయకుడని చూపించాలి" అని వీడియోల్లో చెబుతుంటారు. ఆ మాట 1947లో షెంకెల్ అనే ఆయన బోనుల్లో పెట్టిన తోడేళ్లను చూసి రాసినదాంట్లోంచి వచ్చింది. ఒకరికొకరు సంబంధం లేని జంతువుల్ని ఒకచోట బంధిస్తే కొట్టుకుంటాయి మరి. 'ఆల్ఫా' మాటకు బాగా ప్రచారం తెచ్చినవాళ్లలో ఒకరైన, తోడేళ్ల మీద పరిశోధన చేసిన డేవిడ్ మెక్ 1999లో తనే సరిదిద్దుకున్నారు: అడవిలో తోడేళ్ల గుంపు అంటే అమ్మానాన్నలు, వాళ్ల పిల్లలు. మీ ఇల్లూ అంతే. ఇంటి పెద్దరికం కోసం కుక్క పోటీ పడటం లేదు, దానికి కావాల్సింది చికెన్.

కాపలా కోసం పగలంతా గేటు దగ్గర గొలుసుతో కట్టేస్తాం. తప్పా?

తప్పే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో ఈ సంగతి విడిగా రాసి ఉంది. అలవాటుగా కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా హింస కిందికే వస్తుంది.

చట్టం పక్కన పెట్టండి. రోజుకు పది గంటలు కట్టేసిన కుక్క ఎదురుగా వందమంది వెళ్తారు, వందమంది మీదా మొరుగుతుంది, వందమందీ వెళ్లిపోతారు. తన మొరుగుడు పనిచేసిందనుకుంటుంది. నెల తిరిగేసరికి పాలబ్బాయికీ దొంగకీ తేడా లేదు. పైగా కట్టేసి ఉంటే తప్పించుకునే వీలు లేదు కాబట్టి భయపడ్డప్పుడు కరవడమే మిగులుతుంది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నడక, మిగతా టైమ్ ఇంట్లోవాళ్ల మధ్య. అలాంటి కుక్కకు ఎవరు మనవాళ్లో తెలుస్తుంది, కొత్త చప్పుడు అయితే తప్పకుండా చెబుతుంది. మన సీమలో గొర్రెల మంద వెంట తిరిగే కుక్కల్ని చూడండి, పగలు వాటికి గొలుసులు కనపడవు.

వాకింగ్‌కు తీసుకెళ్తే వీధికుక్కలు వెంటపడుతున్నాయి.

పరుగెత్తకండి, రాయి ఎత్తకండి, మీ కుక్కను చంకనెత్తుకోకండి. ఎత్తుకుంటే అవి మీ మీదికే ఎగురుతాయి. మీ కుక్కకూ వాటికీ మధ్య మీరు నిలబడి, జేబులోంచి గుప్పెడు గింజల ఆహారం వాటి వైపు చల్లి, అవి ఏరుకుంటుండగా పక్కకు నడిచి వెళ్లిపోండి. ఒకే దారిలో రోజూ ఒకే టైమ్‌కు వెళ్తే వారంలో అవి మిమ్మల్ని గుర్తుపట్టి ఊరుకుంటాయి. రోజుకో వీధి మారిస్తే రోజూ కొత్తే.

ఎండాకాలంలో ట్రైనింగ్ ఆపేయాలా?

ఆపొద్దు, టైమ్ మార్చండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు, 42, 43 డిగ్రీల ఎండలో తారు రోడ్డు మీద కుక్క పాదం సంగతి చెప్పాలా? మీ అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. మీరు ఉంచలేకపోతే దాన్ని నడిపించొద్దు. మిద్దె మీద పరిచిన బండలు రాత్రి ఎనిమిది దాకా కాలుతూనే ఉంటాయి, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు. ఏప్రిల్, మేలలో నేను పొద్దున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడుకల్లా ముగిస్తాను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి ఎగపోయడమే దాని ఫ్యాను. ముక్కు చప్పిడిగా ఉన్న పగ్, షిట్జూలకు అదీ సరిగా చేతకాదు.

హస్కీ కొందామనుకుంటున్నాం అని ఫోన్ చేసేవాళ్లకు వద్దని చెప్పడం నా ఫ్రీ సర్వీసు. మంచులో బండి లాగే కుక్క అది, కర్నూలులో ఏసీ గదిలో బందీగా బతికి, పిచ్చెక్కి సోఫాలు చింపుతుంది. అప్పుడు అది మొండిదని నన్ను పిలుస్తారు.

బహుమతిగా ఏం పెట్టాలి? ఏం పెట్టకూడదు?

ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్, కోడి కార్జం, ఉడికించిన గుడ్డు. శనగ గింజంత ముక్క చాలు, పెద్దదైతే ఐదో ముక్కకే కడుపు నిండి మనల్ని మర్చిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. అందుకే బ్రూనో వాళ్ల అవ్వతో ఉగ్గాని మాన్పించాల్సి వచ్చింది, ఆ ఇంట్లో నాకు అదే కష్టమైన ట్రైనింగ్. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అసలు వద్దు. ఆదివారం కూరలో మిగిలిన ఎముకలూ వద్దు, ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

ఏడేళ్ల కుక్క, ఇప్పుడు నేర్చుకుంటుందా?

నేర్చుకుంటుంది. పిల్ల కంటే కుదురుగా కూర్చుంటుంది కూడా. పాత అలవాటు మాన్పించడానికి మాత్రం ఎక్కువ రోజులు పడుతుంది.

వీధిలో దొరికిన పిల్లను పెంచుకోవచ్చా?

నిక్షేపంగా. మన ఎండకు, మన తిండికి తరతరాలుగా అలవాటుపడ్డ ఒళ్లు అది, డాక్టరు ఖర్చు తక్కువ. తెలివి ఎక్కువ, కాబట్టి మీ లోపాలు త్వరగా పసిగడుతుంది. కొత్తవాళ్లంటే కొంచెం దూరం పాటిస్తుంది, అది దాని స్వభావం, బలవంతంగా పలకరింపజేయకండి. మొదటి రెండు వారాలు ఇంటికి చుట్టాల్ని పిలవకపోతే మంచిది.

దీపావళికి మంచం కింద దూరి వణుకుతుంది.

బయటికి లాగకండి. కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టి, దాని పక్కన కూర్చోండి. ఓదారిస్తే భయం పెరుగుతుందనేది వట్టి మాట. అసలు పని పండగకు రెండు నెలల ముందు మొదలవ్వాలి. ఫోన్‌లో టపాసుల చప్పుడు వినీ వినపడనంత పెట్టి, చప్పుడు వచ్చినప్పుడల్లా ఇష్టమైన ముక్క. వారానికి కొంచెం కొంచెం పెంచండి. స్కూల్లో చదివిన పావ్లోవ్ గంట కథ, అదే గంట వినగానే తిండి వస్తుందని కుక్కకు నోరూరిన కథ, ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

మా కుక్క ఎవరినైనా కరిస్తే?

ట్రైనింగ్ సంగతి తర్వాత. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, రెండు నిమిషాలకే పదిహేను అయినట్టు అనిపిస్తుంది. సున్నం, పసుపు, కారం, ఆకు పసరు ఏవీ పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, పెద్దాసుపత్రిలో టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి డోసు తర్వాత 3, 7, 28 రోజుల్లో మిగతావి. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే ఇంకో ఇంజక్షన్ కూడా ఉంటుంది, డాక్టరు చెబుతారు. కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి, కానీ చూద్దాంలే అని టీకా ఆపకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

కుక్క విషయంలో అజాగ్రత్తగా ఉండి ఇతరులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. కాబట్టి కరిచే అలవాటున్న కుక్కకు మూతికి బుట్ట తొడగడం ముందే నేర్పిస్తాను. బుట్టలో ముక్కలు వేసి నేర్పితే అదే వచ్చి మూతి పెడుతుంది. చూసేవాళ్లకు జాలి, దానికి హాయి.

మంచి ట్రైనర్‌ను ఎలా గుర్తుపట్టాలి?

మన దగ్గర కుక్కల ట్రైనర్‌కు ప్రభుత్వ లైసెన్సు అంటూ ఏమీ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. నాతో సహా. కాబట్టి మాట్లాడుకునే ముందు ఒక క్లాసు చూస్తానని అడగండి. మీ ఎదుట చేయనంటే వద్దు. కుక్క తోక కాళ్ల మధ్య పెట్టుకుని పనిచేస్తుంటే వద్దు. "నెల రోజుల్లో గ్యారంటీ" అంటే అసలే వద్దు. ఫీజు మొత్తం ముందే అడిగేవాళ్ల దగ్గర కాస్త ఆగండి, ఏ క్లాసుకు ఆ క్లాసు ఇవ్వడం ఇద్దరికీ మంచిది.

నేను ఒప్పుకోని కేసులూ ఉన్నాయి. ఇంట్లో పాకే బిడ్డ ఉండి, కుక్క ఇప్పటికే పిల్లల్ని గట్టిగా కరిచి ఉంటే, ముందు ఇద్దరినీ విడిగా ఉంచమంటాను. అది కుదరకపోతే కుక్కకు వేరే ఇల్లు వెతకడానికి సాయం చేస్తాను.

మీరు వచ్చేలోపు మేం ఏం చేయాలి?

మూడు రోజులు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఎన్ని గంటలకు మొరిగింది, ఎవరిని చూసి, అంతకు ముందు ఏం జరిగింది, మీరేం చేశారు. వీలైతే ఫోన్‌లో ఒక వీడియో, ఎందుకంటే నేను వచ్చిన రోజు మీ కుక్క బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. టీకాల పుస్తకం తీసి పెట్టండి. ఇంట్లో అందరూ ఉండే టైమ్ చెప్పండి. అవ్వ ఉంటే, అవ్వ కూడా.